బొట్టు పెట్టి ఇచ్చిన అప్పీలు

నాగులమ్మ ఏ పని మొదలుపెట్టినా దాని చివర ఏముందో ఆమెకు ముందే తెలుసు. చావు ఉంటుంది, లేదంటే జైలు. పాలు పొయ్యి మీద పెడితే ఇల్లు కాలిపోవడం, కూతురు మల్లిక స్కూటీ తాళం తీస్తే పెద్ద దవాఖాన, కండక్టరు పని చేసే కొడుకు విజేందర్ రెండుసార్లు ఫోన్ ఎత్తకపోతే బస్సు వాగులో పడటం. ఇవన్నీ జరగకముందే ఆమె చూసేస్తుంది. ఏడో తరగతి దాకా చదువుకుంది కాబట్టి పేపర్లో ప్రమాదాల వార్తలు మాత్రం ఒక్కరోజూ వదలదు.

అలాంటి మనిషి మీదకు నిజంగానే ఒక ఆపద వచ్చింది.

వాళ్ళ ఊరు, అందరూ పాలమూరు అని పిలిచే మహబూబ్‌నగర్‌కు పదమూడు కిలోమీటర్లు. ఇరవై ఏళ్ళ కింద సర్కారు ఇండ్ల జాగాలు పంచినప్పుడు కాలనీలో నాగులమ్మకూ, పక్కనే దశరథ్‌కూ పట్టాలు వచ్చాయి. రెండిళ్ళ మధ్య ఆరడుగుల సందు. నాగులమ్మ ఇంటికి ఉన్నది ఒకటే తలుపు, అది ఆ సందులోకే తెరుచుకుంటుంది. సందంతా నాదేనని రెండేళ్ళ కింద దశరథ్ కోర్టుకు పోయాడు. పోయిన నెల కింది కోర్టు ఔను నీదేనంది. ఇటుకలు దిగాయి. మేస్త్రీ కుదిరాడు. శనివారం పొద్దున గోడకు పునాది. గోడ లేస్తే నాగులమ్మ తలుపు తీసి అడుగు బయటపెట్టే జాగా ఉండదు. ఈలోగా జిల్లా కోర్టులో అప్పీలు వేసి, గోడ కట్టకుండా ఆపించుకోవాలి. శనివారం నుంచి కోర్టుకు ఎండాకాలం సెలవులు. అంటే ఉన్నది ఒక్క శుక్రవారమే.

ఆ శుక్రవారం పదింటికే తల్లీకూతుళ్ళు కోర్టు వరండాలో ఉన్నారు. వకీలు మంజులత దగ్గర గుమస్తాగా ముప్పై ఏళ్ళుగా చేస్తున్న గుర్వయ్య, వరండా గట్టు మీద కాగితాలు పరిచి ఒక్కొక్కటే ముట్టి చూస్తున్నాడు.

"అప్పీలు మెమో ఉన్నది. కింది కోర్టు తీర్పు, డిక్రీ, రెండిటికీ ముద్ర కాపీలున్నయి. వకాలత్ మీద నీ సంతకమున్నది. ఫీజు స్టాంపులున్నయి. స్టే దరఖాస్తు, దానికి అఫిడవిట్టు. అవతలోల్లకు ఇయ్యనీకె ఇంకో సెట్టు. పేజీలకు నంబర్లేసిన, సూదితోని కుట్టిన. ఇగ నువ్వు జర కూసో తల్లీ."

"కుట్టు ఊడిపోతే సార్?"

"ఊడది."

"గాలికి లేసిపోతే?"

"నాగులమ్మా, ఇది పతంగి గాదు."

నాగులమ్మ కూర్చోలేదు. తను తెచ్చిన చేతిసంచి విప్పింది. రేషన్ కార్డు, అందరి ఆధారులు, పదేళ్ళ కరెంటు బిల్లులు, మల్లిక పదో తరగతి మెమో, కరోనా టీకాల కాగితాలు బయటికి వచ్చాయి. అన్నిటికన్నా అడుగు నుంచి వచ్చిన కాగితాన్ని గుర్వయ్య కళ్ళద్దాలు ఎత్తిపట్టి చదివాడు.

"ఇది బర్రె ఇన్సూరెన్సు గదమ్మా?"

"ఔ సార్. గా సందుల నుంచే పోయేది, వచ్చేది. సాక్ష్యం అడుగుతరేమోనని."

"బర్రెను అడుగుతరా?"

"సచ్చిపోయింది సార్. గందుకే కాయితం తెచ్చిన."

మల్లిక గోడవైపు తిరిగింది. ఆమె భుజాలు ఊగుతున్నాయి. డిగ్రీ చదువుతున్న ఆ పిల్లకు నవ్వొస్తే ఆపుకోవడం చేతకాదు. చావింటికి తీసుకుపోవడానికి కూడా నాగులమ్మ భయపడుతుంది.

గుర్వయ్య కట్ట పట్టుకుని దాఖలు చేసే కిటికీ దగ్గరికి పోయాడు. పది నిమిషాల్లో అదే కట్ట పట్టుకుని తిరిగొచ్చాడు. అది చూడగానే నాగులమ్మ ఉన్నచోటనే కూలబడింది.

"కొట్టేసిండ్రా సార్?"

"కొట్టేయలే. వాపసిచ్చిండ్రు."

"వాపసంటే అయిపోయినట్టే గద."

"వాపసు రాకుంట నంబరు పడ్డ అప్పీలు నేను ఇన్నేండ్లల సూడలే. లెవ్వు తల్లీ. ఒక్క కాయితం తక్కువైంది, గంతే."

ఆ తక్కువైన కాగితమేంటో మంజులత వచ్చి చెప్పింది. నల్లకోటు చేతి మీద వేసుకుని, అప్పుడే ఇంకో కోర్టు హాల్లోంచి ఉరుకుతూ వచ్చింది.

"దశరథ్ కేవియట్ ఏసిండమ్మా. అంటే, నాకు చెప్పకుంట, నా మాట ఇనకుంట ఏ ఆర్డరూ ఇయ్యొద్దని ముందుగాలనే అర్జీ పెట్టుకున్నడు. గెలిపించిన వకీలుకు మల్ల పైసలెందుకని సొంతంగ ఏసుకున్నడు. అందుకని మన కాయితాల సెట్టు ఆయనకే ఇచ్చి, అందినట్టు సంతకం తేవాలె. పోస్టుల పంపితే అది చేరేటాలకు గోడ లేస్తది. మనిషే పోవాలె."

"ఏ మనిషి పోవాలమ్మా?"

"మీరే. నేను కోర్టు ఇడిచిపెట్టి రాలేను. ఒంటిగంట లోపల పట్టుకొస్తే రెండున్నరకు జడ్జిగారి ముందట పెడత. ఆయన ఇంట్ల లేకపోతే ఇంట్లుండే పెద్దమనిషి, ఆడోల్లైనా సరే, తీసుకొని సంతకం పెడితే నేను వాదించుకుంట."

రెండేళ్ళుగా నాగులమ్మ ఆ ఇంటి గడప తొక్కలేదు. దశరథ్ భార్య బిక్షమ్మ, తనూ ఒకే మహిళా సంఘంలో పక్కపక్కన కూర్చున్నవాళ్ళు. కేసు పడిన రోజు నుంచి ఒకరు నల్లా దగ్గరికొస్తే ఇంకొకరు బిందె సగం నిండకుండానే లేచిపోతున్నారు.

స్కూటీ మీద ఊరి దారి పట్టాక నాగులమ్మ కూతురి వీపుకు అంటుకుపోయి ఒకటే గొణుగుడు.

"కొడ్తడేమోనే."

"కొట్టడమ్మా."

"కుక్కను ఇడుస్తరేమో."

"వాల్లకు కుక్క లేదు."

"ఈ రెండేండ్లల తెచ్చుకోవచ్చు గద."

"పక్కిల్లేనమ్మా! మొరిగితే ఇనబడదా?"

"మొరగనిదాన్ని తెచ్చుకుంటే?"

మల్లిక బండి పక్కకు ఆపి, రెండు నిమిషాలు హ్యాండిల్ మీద తలపెట్టి నవ్వింది. రోడ్డు మధ్యలో బండి ఆపితే లారీ గుద్దుతుందని నాగులమ్మ వెనక్కి తిరిగి చేయి ఊపుతూ నిలబడింది. రాని లారీని ఆపుతున్నట్టు. నడుముకు దోపుకున్న చిన్న సంచిలో ఆమెకు ఎప్పుడూ కుంకుమ ఉంటుంది. అందులోంచి కొంచెం తీసి కూతురి నొసటికీ, స్కూటీ లైటుకూ పెట్టింది. పొద్దుటి నుంచి అది మూడోసారి.

కాలనీ చేరేసరికి పదకొండున్నర. దశరథ్ సందులో దారం పట్టుకుని కొలతలు వేసుకుంటున్నాడు. స్కూటీ దిగుతున్న నాగులమ్మనూ, ఆమె చంకలో ఉన్న రెండు కాగితాల కట్టలనూ చూశాడు. కేసు వేసినవాడు కాబట్టి కాగితాలు పంపడమే గాని పుచ్చుకోవడం ఆయనకు అలవాటు లేదు. కోర్టు కాగితం చేత పట్టుకుంటే కేసు సగం పోయినట్టేనని ఎవరో చెవిలో వేశారు కూడా. చేతిలో దారం అక్కడే పడేశాడు. గోడకు ఆనించిన నిచ్చెన ఎక్కి, ఆ మండే ఎండలో మిద్దె మీద వెల్లకిలా పడుకున్నాడు. కింది నుంచి పాదాలు రెండూ కనబడుతున్నాయి.

బిక్షమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తకుండానే అంది.

"ఆయన ఇంట్ల లేడు."

మిద్దె మీద దగ్గు వినిపించింది.

"పొద్దుగాలనే పాలమూరు పోయిండు," అంది బిక్షమ్మ ఇంకొంచెం గట్టిగా.

నాగులమ్మ కట్టలను చంకలోంచి చేతిలోకి తీసుకుంది. కోర్టు కాగితాన్ని ఒక మనిషి చేతిలో ఎలా పెట్టాలో, ఏమని పెట్టాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఒకరి గుమ్మంలో నిలబడి ఒక కాగితం ఇవ్వడం ఆమెకు ఒక్కటే విధంగా తెలుసు. ముప్పై ఏళ్ళుగా అన్నల పెళ్ళిళ్ళకు, బిడ్డల ఓణీలకు, కొత్త ఇంటి పూజలకు ఇల్లిల్లూ తిరిగి చేసిన పని అది. భయంలో చేయి తనంతట తనే నడుము సంచిలోకి పోయింది.

"వదినే, జర ఇటు తిరుగు," అంది.

బిక్షమ్మ అలవాటు కొద్దీ తిరిగింది. నాగులమ్మ ఆమె నొసట బొట్టు పెట్టింది. అదే వేలితో రెండు సెట్ల మీదా, సరిగ్గా తన పేరు టైపు కొట్టిన చోట, ఒక్కో బొట్టు పెట్టింది. ఒక సెట్టును రెండు చేతులతో ముందుకు చాచింది.

"ఇయ్యాల రెండున్నరకు, జిల్లా కోర్టుల. నువ్వు, అన్న, పిల్లలు, ఇంటిల్లిపాది తప్పకుంట రావాలె."

బిక్షమ్మ గబగబా చేతులు కొంగుకు తుడుచుకుంది. కట్టను రెండు చేతులా అందుకుని కళ్ళకు అద్దుకుంది.

"అయ్యో, రాకుంట ఎట్లుంటం వదినే. తప్పకుంట వస్తం."

అప్పుడు ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. మల్లిక నోటి నుంచి కుక్కర్ ఈల వేయబోయే ముందు వచ్చే చప్పుడు లాంటిదేదో వచ్చింది. ముందు బిక్షమ్మ పొట్ట కదిలింది. తర్వాత భుజాలు. తర్వాత చింతపండు చాట ఒళ్ళోంచి జారి గింజలన్నీ గుమ్మమంతా దొర్లాయి. నాగులమ్మ గోడ పట్టుకుని కిందికి జారి, గింజల మధ్యలో కూర్చుని, "ఇంత నవ్వొద్దు, ఇంత నవ్వితే ఏడుపొస్తది," అంటూనే నవ్వింది.

ఏడుపు వచ్చింది కూడా. కాకపోతే బిక్షమ్మకు. కళ్ళు తుడుచుకుంటూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"విజేందర్ పెండ్లికి పిలువకపోతివి. కేసుకు పిలిచినవ్."

నాగులమ్మ ఒక గింజ ఏరి చాటలో వేసింది.

"భయపడ్డ వదినే. నేను పిలిచినంక మీరు రామంటే ఏం జేయాలె అని."

"వచ్చేదాన్ని. వాన్ని చిన్నప్పుడు ఎత్తుకున్నదాన్ని, రాకపోదునా? చీర సుత కొన్న." లోపలికి పోయి డబ్బా తెచ్చి మూత తీసింది. మడత విప్పని పోచంపల్లి చీర, నెమలిమెడ రంగు. "రెండేండ్లాయె. ఏడికి కట్టుకోను? గీ మనిషి కేసు ఏసినంక నన్నెవలు పిలిచిండ్రు గనుక?"

"సంతకం పెట్టకే బిక్షమ్మా!" మిద్దె మీద నుంచి కేక వచ్చింది.

బిక్షమ్మ తల ఎత్తింది. "ఎవలు మాట్లాడేది? ఇంట్ల లేనోడు మాట్లాడుతుండా?"

"కాయితం వాపసియ్యి!"

"బొట్టు పెట్టి పిలిచినంక వాపసిస్తరా ఎవలన్న? మల్లికా, పెన్నియ్యి బిడ్డా."

సంఘం పుస్తకాల్లో పదిహేనేళ్ళు సంతకాలు పెట్టిన చేయి అది. కోర్టుకు పోయే సెట్టు మీద అందింది అని రాసి, పేరు, తేదీ, గడియారం చూసి టైము కూడా వేసి, కింద గీత గీసింది. చీర కట్టుకుని బయటికొచ్చి తలుపుకు గొళ్ళెం పెట్టింది. నిచ్చెన గోడ నుంచి తీసి నేల మీద పడుకోబెట్టింది.

"నిచ్చెన తీస్తవేందే! నేనెట్ల దిగాలె?"

"నువ్వు పాలమూరుల ఉన్నవు గద. లేనోనికి నిచ్చెనెందుకు?"

స్కూటీ సందు మలుపు తిరిగిందో లేదో, నాగులమ్మ ఆపమంది. ఆపకముందే దిగింది. వెనక్కి ఉరికింది. ఎండలో ఆ మనిషి ఎంతసేపు ఉంటాడు? దూకుతాడు. కాలు విరుగుతుంది. లేదా వడదెబ్బ తగులుతుంది. పోలీసులు వస్తారు. ఎవరితో గొడవ అని అడుగుతారు. కాలనీ అంతా తన ఇంటివైపు వేలు చూపిస్తుంది. ఆమె రొప్పుతూ నిచ్చెన ఎత్తి గోడకు ఆనించింది. ఇంట్లోంచి చెంబుడు మజ్జిగ తెచ్చి మొదటి మెట్టు పక్కన పెట్టి, మళ్ళీ ఉరికింది.

"నిచ్చెన పెట్టినవా అమ్మా!" మల్లిక నెత్తి కొట్టుకుంది. "ఎనకనే వస్తడు. వచ్చి అంత ఖరాబ్ జేస్తడు!"

"రానియ్యి. సచ్చిపోయినోని మీద అప్పీలు నడువది."

"సల్ల సుత పోసినవా వదినే?" అంది బిక్షమ్మ. "ఉప్పేసినవా?"

"ఏసిన."

ముగ్గురూ ఒకే స్కూటీ మీద పాలమూరు పోయారు. మధ్యలో నాగులమ్మ. పోలీసులు పట్టుకుంటారని దారి పొడుగునా కళ్ళు మూసుకుంది. తను కళ్ళు మూసుకుంటే పోలీసులకు కనబడనట్టు.

ఒంటిగంటకు అయిదు నిమిషాల ముందు గుర్వయ్య కట్టను కిటికీలోంచి మళ్ళీ లోపలికి పెట్టాడు. కిటికీ అవతలి ఉద్యోగి పేజీలు తిప్పి ఒకచోట ఆగాడు.

"ఈ ఎర్ర మచ్చ ఏంది?"

"బొట్టు సార్."

"కాగితం ఎట్ల అందజేసిండ్రు?"

"బొట్టు పెట్టి సార్."

ఆయన గుర్వయ్యను చూశాడు. గుర్వయ్య వెనక పోచంపల్లి చీరలో, నొసట అదే బొట్టుతో నిలబడి నమస్తే పెడుతున్న బిక్షమ్మను చూశాడు. తన ముందున్న తనిఖీ పట్టీని పై నుంచి కింది దాకా వేలితో తడిమాడు. కుట్టు, నంబర్లు, స్టాంపులు, సంతకాలు, ప్రతులు. బొట్టు ఉండరాదని అందులో ఎక్కడా లేదు. ముద్ర కొట్టాడు.

"నంబరు పడ్డది," అన్నాడు గుర్వయ్య.

"మంచిదేనా సార్ ఆ నంబరు?" అంది నాగులమ్మ.

రెండున్నరకు పేరు పిలిచేసరికి దశరథ్ కూడా ఊడిపడ్డాడు. చొక్కా వీపంతా సున్నం, నెత్తిన ఇటుక పొడి, మీసాల మీద తెల్లగా సల్ల. ఊపిరి తీసుకోకుండానే చేతులు కట్టుకుని మొదలుపెట్టాడు.

"నాకు కాయితం అందలే సార్. నేను ఇంట్ల లేను."

"ఎక్కడున్నారు?" అన్నారు జడ్జిగారు.

"మిద్దె మీద."

"ఎవరి మిద్దె?"

దశరథ్ కొంచెం ఆలోచించాడు. "నాదే సార్."

హాల్లో నవ్వు లేచింది. జడ్జిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అవి తుడవడానికి చాలాసేపే పట్టింది. మంజులత లేచి కొలతల కాగితం చూపించింది. ఒకటే తలుపు, అది సందులోకే తెరుచుకుంటుంది, అప్పీలు తేలకముందే గోడ లేస్తే ఇక అప్పీలుకు అర్థమే ఉండదు అంది.

"అది నిజమేనా?" అన్నారు జడ్జిగారు దశరథ్‌తో. "గోడ కడితే ఆమె ఇంట్లోకి ఎట్లా పోవాలి?"

"కిటికీ ఉన్నది సార్."

"నువ్వు ఎక్కి చూపియ్యి!" వెనక బెంచీ మీద నుంచి వచ్చింది బిక్షమ్మ గొంతు. బంట్రోతు వేలు పెదవుల మీద పెట్టి ఆమెవైపు నడిచాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

తర్వాత జడ్జిగారు ఇంగ్లిషులో చెప్పడం, పక్కనున్నామె టకటకా రాయడం మొదలైంది. నాగులమ్మకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. కాబట్టి అంతా ఆమెకు అర్థమైపోయింది. పోయింది. తలుపు పోయింది. రేపు పొద్దున తెరిస్తే ఇటుక. విజేందర్ డ్యూటీ దిగి వచ్చి, బయట నిలబడి అమ్మా అని పిలుస్తాడు. కోడలికి నొప్పులొస్తే కిటికీలోంచి మంచం ఎలా దించాలి? ఆమె మంచం కాళ్ళు విప్పడం దాకా పోయింది. అంతలో ఎందుకో దశరథ్ వైపు చూసింది. ఆయన మొహం సల్ల చెంబంత పొడుగు సాగి ఉంది.

నాగులమ్మ మంచాన్ని అక్కడే వదిలేసింది.

"ఏమాయె?" అని మంజులత కోటు గుంజింది.

"జూన్ పదహారు దాకా ఉన్నది ఉన్నట్టే ఉండాలె. గోడ కట్టొద్దన్నరు."

"ఒక్క రాయి సుత?"

"ఒక్క రాయి సుత. అప్పీలు ఇంకా నడుస్తదమ్మా, గెలిచినట్టు గాదు. ఎవరి సందన్నది తర్వాత తేలుతది. ఇప్పటికైతే మీ తలుపు మీదే."

వరండాలో దశరథ్ భార్య దగ్గరికొచ్చి నిలబడ్డాడు. తిడదామనే వచ్చాడు. కాని చీర చూసి ఆగాడు.

"ఇది ఎప్పుడు కొన్నవ్?"

"పెండ్లికి."

"ఎవల పెండ్లికి?"

బిక్షమ్మ నాగులమ్మ వైపు చూసింది. దశరథ్‌కు మెల్లగా తెలిసింది. ఆయన మీసాలు తుడుచుకుని, "బండెక్కు," అన్నాడు. కొంచెం ఆగి, వేరే వైపు చూస్తూ, "సల్లల ఉప్పు ఎక్కువైంది," అన్నాడు.

"ఎండకు మంచిదన్నా," అంది నాగులమ్మ. రెండేళ్ళ తర్వాత ఆయనను అన్నా అని పిలిచినట్టు ఆమెకు ఇల్లు చేరే దాకా తట్టలేదు.

ఇంటికి వచ్చేసరికి సందులో ఎండ వాలింది. మేస్త్రీ వచ్చి దశరథ్‌తో మాట్లాడి, పనిముట్లు సైకిలుకు కట్టుకుని పోయాడు. నాగులమ్మ తాళం తీసి లోపలికి పోయింది. వెంటనే బయటికి వచ్చింది. మళ్ళీ లోపలికి పోయింది. మళ్ళీ వచ్చింది. బిక్షమ్మ గుమ్మంలో చింతగింజలు ఏరుకుంటూ చూసింది.

"ఏం మరిచిపోయినవ్ వదినే?"

"ఏం మరువలే. ఊకెనే."

మూడోసారి లోపలికి పోతుంటే కాలివేలు గడపకు తగిలి తూలింది. ఇప్పుడు పడితే తుంటి విరిగి, తుంటికి రాడ్డు వేసి, రాడ్డు చీము పట్టి, అని మొదలుపెట్టింది గాని, సగంలో ఎక్కడిదాకా వచ్చిందో మరిచిపోయి నవ్వుకుంటూ లోపలికి పోయింది.